పోగు తెగిందని చెప్పి తీసిన స్కాన్

కొత్త జిల్లాలు ఏర్పడి కొన్నేళ్లు గడిచాక, ఒక వానాకాలం మొదట్లో నన్ను వనపర్తికి వేశారు. ఉద్యోగ విరమణకు ముందు నాకది ఆఖరి పోస్టింగు. హోదా సీనియర్ ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టు. పని, ఒక అధ్యయనం కోసం స్కానింగ్ గది బాధ్యత చూసుకోవడం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మద్యం అలవాటు లేనివాళ్ల లివర్‌లో ఎంత కొవ్వు చేరింది, పొట్ట లోపల పేగుల చుట్టూ ఎంత ఉంది, చర్మం కింద ఎంత ఉంది అని కొలవడం ఆ అధ్యయనం ఉద్దేశం. ఒకవైపు మెట్ట పొలాల్లో పనిచేసే రైతు కుటుంబాలు, మరోవైపు గద్వాలలో మగ్గం మీద బతికే నేత కుటుంబాలు. ఒళ్లు వంచి తిరిగేవాళ్లకూ, ఒకే చోట కూర్చుని పనిచేసేవాళ్లకూ లోపల తేడా ఉంటుందా అని చూడాలనుకున్నారు.

మా వృత్తి తెలియనివాళ్ల కోసం ఒక మాట. టెక్నాలజిస్టు బొమ్మ తీస్తుంది, రేడియాలజిస్టు దాన్ని చదివి సంతకం పెడతాడు. బొమ్మలో నాకు ఏం కనిపించినా పేషెంటుకు చెప్పే అధికారం నాకు లేదు. నోటితోనే కాదు, ముఖంతో కూడా చెప్పకూడదు. నా ముఖం ఆ విషయంలో ఎంత ఆరితేరిందంటే, పెళ్లి పేరంటాల్లో కూడా నేను సంతోషంగా ఉన్నానో లేదో ఎవరికీ తెలియదని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది.

నేను చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన కాలం నుంచి వచ్చినదాన్ని. అందుకే కొవ్వును కొలిచే ఆ స్కాన్ నాకు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆశ్చర్యంగానే ఉండేది. మన ఒంట్లో నీటిలోనూ, కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంటుంది. అయస్కాంతంలో పెట్టి తట్టి లేపితే రెండూ మోగుతాయి, కానీ వేగంలో చిన్న తేడా ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో దంచుతూ ఉంటే రోకళ్లు కాసేపు ఒక్కసారిగా పడతాయి, కాసేపటికి ఒకటి లేస్తే ఒకటి పడుతుంది. అచ్చంగా అదే జరుగుతుంది. కలిసి పడినప్పుడొకటి, విడివిడిగా పడినప్పుడొకటి బొమ్మలు తీస్తే, యంత్రం లెక్క కట్టి ఏది నీరో, ఏది కొవ్వో వేరు చేసి చూపిస్తుంది. సూది లేదు, కోత లేదు, రేడియేషన్ లేదు. లివర్‌లో కొవ్వు నూటికి అయిదు పాళ్ల లోపు ఉంటే మామూలు కింద లెక్క.

దీనికి ఒక్కటే షరతు. పొట్ట కదలకూడదు. బొమ్మ తీసే కాస్సేపు ఊపిరి బిగబట్టాలి.

ఆ ఏడు శ్రావణంలో గద్వాల నుంచి వచ్చిన బృందంలో రాఘవేందర్ అనే నేత పనివాడు ఉన్నాడు. నలభై లోపు వయసు, ఎండు కట్టెలాంటి మనిషి. వెంట భార్య భాగ్యమ్మ వచ్చింది. నేతవాళ్లు వస్తే నాకు అదనపు పని జరీతో. బట్టల మడతల్లో, జుట్టులో జరీ తునకలు ఇరుక్కుని ఉంటాయి. అయస్కాంతం వాటిని లాగకపోవచ్చు కానీ, లోహపు పోగు చర్మానికి ఆని వేడెక్కవచ్చు, బొమ్మ మీద మచ్చ వేయవచ్చు. అందుకే అందరినీ ఒంటి మీద నూలుపోగు లేకుండా మార్పించి, గౌను కట్టించి, తల దువ్వించి గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. కరెంటు పోయినా, గదికి తాళం వేసినా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. దానికి మొహమాటం లేదు, కాబట్టి నాకూ ఉండేది కాదు.

దువ్వెన చేతికిస్తుంటే రాఘవేందర్ నన్ను ఆపాడు.

“అక్కా, జర మంచిగ చూడు. నా లివర్ పనికొస్తదా రాదా తెల్వాలె. మా చెల్లెకు ముక్క ఇయ్యాలె.”

విషయం అప్పుడు చెప్పాడు. అతని చెల్లెలు జోగులమ్మను ఆత్మకూరులో ఇచ్చారు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఆమె లివర్ మీద దాడి చేసే జబ్బు వచ్చింది. మందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చారు. ఇప్పుడు లివర్ గట్టిపడిపోయింది. హైదరాబాదు డాక్టర్లు మార్పిడి తప్పదన్నారు, దగ్గరివాళ్లెవరైనా ముక్క ఇస్తే ఆలస్యం లేకుండా చేస్తామన్నారు. భర్తది రక్తం గ్రూపు కలవలేదు. తల్లికి వయసు మీరింది. మిగిలింది అన్న. పరీక్షలకు హైదరాబాదు పోయేలోగా తన లివర్ సంగతి ముందే తేల్చుకుందామని అతను మా అధ్యయనంలో పేరిచ్చాడు.

అధ్యయనం నడిపే రేడియాలజిస్టు డాక్టర్ సుగుణాకర్ గారు అది విని, స్కాన్ ఫలితం తానే స్వయంగా చెప్తాననీ, దానం సంగతి హైదరాబాదు వాళ్లే తేల్చాలనీ అతనికి స్పష్టం చేశారు. కాకపోతే అతని డొక్కలు చూసి మా అందరికీ ధైర్యంగానే ఉంది. ఇంత సన్నటి మనిషికి కొవ్వేమిటని నేనూ అనుకున్నాను.

మొదటి బొమ్మలు పాడైపోయాయి. లివర్ అంచులు నాలుగైదు గీతలుగా చెదిరి కనిపించాయి. మైకులో కదలొద్దన్నాను. కదుల్తలేనక్కా అన్నాడు. మళ్లీ తీశాను, మళ్లీ అంతే. యంత్రం తప్పేమోనని ఆపి పరీక్షించాను, యంత్రం బాగానే ఉంది. మరోసారి మొదలుపెట్టి, ఈసారి తెరను చూడటం మాని గాజు కిటికీలోంచి మనిషిని చూశాను. దుప్పటి కింద అతని పాదాలు ఒకటి మార్చి ఒకటి కిందికి నొక్కుకుంటున్నాయి. యంత్రం టకటకా కొట్టుకున్నంతసేపూ నొక్కుకున్నాయి. అది ఆగగానే ఆగాయి.

గద్వాలవి గుంత మగ్గాలు. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి జారవిడిచి, కింద ఉన్న కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేస్తాడు. రాఘవేందర్ ఎదిగినప్పటి నుంచీ చేస్తున్న పని అదే. యంత్రం చప్పుడు చెవిన పడగానే కాళ్లు వాటంతటవే పనిలోకి దిగాయి. ఆ తొక్కుడుకు తొడలు, నడుము, పొట్ట అన్నీ కదులుతున్నాయి. అతనికి మాత్రం తెలియదు. నేను చెప్తే నమ్మలేదు, నవ్వుతున్నానేమోనని నా ముఖం చూశాడు. చూసి లాభం లేదని ముందే చెప్పాను కదా.

పాదాలకు పట్టీలు వేసి చూశాను. కదలిక తొడల్లోకి ఎక్కి, బొమ్మలు ఇంకా చెడ్డాయి. ఇక లాభం లేదని బయట కూర్చున్న భాగ్యమ్మను పిలిచి అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

“నిద్రల గూడ తొక్కుతడు మేడం. పక్కల పండుకుంటె నా కాళ్లకే తాకుతయ్.”

“మరి ఎప్పుడు ఆగుతయమ్మా?”

“పోగు తెగితె ఆగుతయ్. యాడ తెగిందో దొరికెదాంక ఊపిరి గూడ తియ్యడు.”

నిబంధనల ప్రకారం మైకులో చెప్పవలసిన మాటలు ఇవి: ఊపిరి తీసుకోండి, వదలండి, ఆపండి, కదలకండి. అన్ని ఆసుపత్రుల్లోనూ అవే మాటలు. నేను ఊపిరి వదలమన్న దాకా మామూలుగానే చెప్పి, ఆ తర్వాత గట్టిగా, “రాఘవేందర్, పోగు తెగింది!” అన్నాను. పాదాలు ఉన్నచోటనే నిలిచిపోయాయి. పొట్ట నిలిచిపోయింది. తెర మీద లివర్ అంచు గీసినట్టు వచ్చింది. పక్కన ఉన్న జూనియర్లు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ప్రతి బొమ్మకూ ఒక పోగు తెంపుతూ మొత్తం పూర్తి చేశాం.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొవ్వును రంగుల్లో చూపించే బొమ్మ తెర మీదికి వచ్చింది. సుగుణాకర్ గారు రక్తనాళాలు తగలకుండా లివర్‌లో అక్కడక్కడ చిన్న వలయాలు గీసి కొలిచారు. ఎక్కడ కొలిచినా నూటికి ఇరవైకి పైనే. పొట్ట లోపల చూస్తే చర్మం కింద కొవ్వు పలచటి పొర, పేగుల చుట్టూ మాత్రం తెల్లగా మందంగా పేరుకుని ఉంది. కిటికీ అవతల బల్ల మీద డొక్కలు లెక్కపెట్టగలిగేంత సన్నటి మనిషి, ఇవతల తెర మీద ఆ మనిషి లోపలి సంగతి. ఒకదాని నుంచి ఇంకొకటి ఊహించడం ఎవరి తరమూ కాదు.

డాక్టరు గారు చెప్పినప్పుడు రాఘవేందర్‌కు మొదట దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. “నేను కల్లు ముట్ట, సారా ముట్ట. తాగెటోని లివర్ నాకెట్లొచ్చింది సారూ?” అని గొంతు పెంచాడు. తాగకపోయినా వస్తుందని, పొద్దంతా కూర్చునే పని, రెండు పూటలా తెల్లన్నం, గంటకోసారి చక్కెర చాయ్, కొంత వంశంలో ఉన్న లక్షణం, ఇవన్నీ కలిసి సన్నటివాళ్లకూ తెస్తాయని ఆయన ఓపికగా వివరించారు. అతను వినిపించుకున్నట్టు లేదు. వెళ్లేటప్పుడు మాత్రం నా దగ్గర ఆగి, చెల్లెకు ఏం చెప్పాలె అక్కా అని అడిగాడు.

మేం ఊహించినట్టే హైదరాబాదు డాక్టర్లు వద్దన్నారు. అంత కొవ్వున్న ముక్క తీసుకున్నవాళ్లలో సరిగా పనిచేయదు, ఇచ్చినవాళ్లకూ ప్రమాదం. కొవ్వు తగ్గించుకుని మళ్లీ స్కాన్ తీయించుకుని రమ్మన్నారు. జోగులమ్మను మందుల మీద కొంతకాలం నిలబెట్టగలమనీ, ఎంతకాలమో చెప్పలేమనీ అన్నారు. ఆ రెండో స్కాన్ మా దగ్గరే తీయడానికి సుగుణాకర్ గారు ఒప్పుకున్నారు, కొలిచే పద్ధతి ఒకటే అయితే పోలిక కచ్చితంగా ఉంటుందని.

తర్వాత వచ్చిన నేతవాళ్ల ద్వారా అతని కబుర్లు నాకు చేరుతూనే ఉండేవి. తెల్లవారకముందే గద్వాల నుంచి పక్క ఊరు జమ్మిచేడు దాకా నడిచి వస్తున్నాడట. భాగ్యమ్మ బియ్యం డబ్బా పైకెక్కించి జొన్నరొట్టెలే పెడుతోందట. చక్కెర లేని చాయ్ తాగేటప్పుడు అతను పెట్టే ముఖం చూడటానికి ఇరుగుపొరుగు వస్తున్నారట. “ఏంది రాఘన్నా, ఎలక్షన్ల నిలబడ్తవా ఏంది, పొద్దున్నే వాడలన్ని తిరుగుతున్నవ్” అని ఒకరు ఆటపట్టిస్తే, “నిలబడ్త, నీ ఓటు వేస్తవా” అన్నాడట. మనిషి మామూలు స్థితికి వచ్చాడని నాకు ఆ మాటతో తెలిసింది.

చలికాలంలో రెండో స్కాన్‌కు వచ్చాడు. ఈసారి జోగులమ్మ కూడా వచ్చింది. పసుపు పచ్చని కళ్లు, నీరు పట్టిన పొట్ట, పుల్లల్లాంటి చేతులు. అన్నను బట్టలు మార్చుకోవడానికి పంపి నేను బయటికి రాగానే ఆమె బల్ల మీది నుంచి కష్టపడి లేచి నా చెయ్యి పట్టుకుంది.

“మేడం, అన్నకు కొవ్వు తక్కువ కాకుంటెనే మంచిగుంటది. నాకోసం ఆయనను కొయ్యొద్దు. మగ్గం మీద కూసునెటోడు, సగం లివర్ తీస్తె మల్ల మగ్గంల కూసుంటడా?”

మిగిలిన ముక్క పెరుగుతుందని ఆమెకు హైదరాబాదులోనే చెప్పారు. ఆమె నమ్మలేదు. “చెట్టు కొమ్మనా మేడం మల్ల చిగురెయ్యనికె” అంది. అన్న చెల్లెలి కోసం కొవ్వు తగ్గాలని నడుస్తున్నాడు, చెల్లెలు అన్న కోసం అది తగ్గకూడదని మొక్కుకుంటోంది. ఇద్దరి మధ్య నా పని ఒక్కటే, కచ్చితమైన బొమ్మ తీయడం.

మళ్లీ పోగులు తెంపాం. బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. సుగుణాకర్ గారు కొలిచారు, కుర్చీలో వెనక్కి వాలారు, ముందుకు జరిగి ఇంకోసారి కొలిచారు. నూటికి ఏడు. పేరు, వయసు, నంబరు సరిచూడమని నాతో అన్నారు. సరిచూశాను. అతనివే. పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తే రంగే మారిపోయింది. ఏ కత్తీ తాకకుండా, ఏ ఖరీదైన మందూ పడకుండా, నడకతో, జొన్నరొట్టెతో ఒక అవయవం తనను తాను కడుక్కుంది. గుడిలోనైనా నాకు అంత భక్తి కలగలేదంటే అతిశయోక్తి కాదు.

డాక్టరు గారు బయటికి వెళ్లి చెప్పగానే రాఘవేందర్ రెండు చేతులూ పైకెత్తాడు. జోగులమ్మ ముఖం తిప్పుకుని ఏడ్చింది.

ఏడు పాళ్లయితే ఫరవాలేదని హైదరాబాదు డాక్టర్లు ఒప్పుకున్నారు, మిగతా పరీక్షలు అయ్యాక ఆపరేషన్ అక్కడే జరిగింది. అతని లివర్‌లో కుడి భాగం తీసి ఆమెకు పెట్టారు. ఇచ్చేవాళ్లకు ప్రమాదం అసలే లేని ఆపరేషన్ కాదది, ఆ సంగతి డాక్టర్లు దాచలేదు. రెండు వారాలు వనపర్తిలో మేం ఫోను మోగితే ఉలిక్కిపడేవాళ్లం. ఇద్దరూ కోలుకున్నారు.

ఎండాకాలం దాటాక రాఘవేందర్ మూడోసారి వచ్చాడు. మిగిలిన లివర్ ఎంత పెరిగిందో చూసి పంపమని హైదరాబాదు వాళ్ల కోరిక. లివర్ కోసిన చోట చిన్న చిన్న క్లిప్పులు వేసి ఉంచుతారు. అవి ఏ లోహంతో చేసినవో తేలకుండా నేను మనిషిని గదిలోకి పంపను. ఆపరేషన్ కాగితాల్లో ఆ వివరం లేకపోవడంతో ఫోన్లు చేసి, టైటానియం అని రాతపూర్వకంగా తెప్పించుకునే దాకా కూర్చోబెట్టాను. “నీ చేతిల పడ్డోడు బాగయినట్టే అక్కా, బతికినా సచ్చినా కాగితం గావాలె నీకు” అన్నాడు. మెచ్చుకోలు కిందనే తీసుకున్నాను.

బల్ల మీద పడుకోబెట్టి మొదలుపెట్టాను. యంత్రం టకటకా కొట్టుకుంటోంది. పాదాలు కదల్లేదు. పోగు తెంపవలసిన అవసరమే రాలేదు. కిటికీ దగ్గర నిలబడి ఉన్న భాగ్యమ్మ నెమ్మదిగా, “అదే మేడం నా పరేషాన్. ఆపరేషన్ అయినప్పటి నుంచి మగ్గం ఎక్కలే, లోపల ఖాళీ అయిందని భయం. రాత్రి గూడ కాళ్లు ఆడుతలేవు” అంది. మొదటిసారి తిట్టుకున్న ఆ కదలిక కోసం ఇప్పుడు నేనూ దుప్పటి వైపు చూస్తూ ఉండిపోయాను.

లివర్ పరిమాణం కొలవాలంటే ఒక్కో పొరలో దాని అంచు వెంట గీత గీసి, అన్నిటినీ కూడాలి. ఆ గీతలు గీసింది నేనే. గీస్తున్నకొద్దీ నాకు లెక్క మీద అనుమానం వచ్చింది. ఆపరేషన్‌లో మిగిల్చింది సగం కంటే తక్కువ. ఇప్పుడు కూడితే మొదటి స్కాన్‌లో ఉన్నదానికి కాస్త తక్కువగా వస్తోంది. సుగుణాకర్ గారు మళ్లీ తాను విడిగా గీశారు. అదే వచ్చింది. కోసి తీసిన ముక్క మళ్లీ మొలవలేదు; మిగిలిన ముక్కే ఉబ్బి, గుండ్రబడి, కుడివైపు ఖాళీలోకి పాకి నిండింది. ఆకారం మారింది, ఉండవలసినంత లివర్ ఉంది. కొవ్వు అయిదు లోపు. పుస్తకాల్లో చదివిన సంగతే అయినా, ఒక మనిషి పేరు కింద చూడటం వేరు.

జోగులమ్మ ఆ రోజు కూడా వచ్చింది. కళ్లలో పసుపు పోయింది, ఒంట్లో కండ పట్టింది. నివేదిక వినగానే ఆమె ఊరుకోలేదు, బొమ్మ చూపించమని పట్టుబట్టింది. రాఘవేందర్ ఒప్పుకున్నాడు కాబట్టి డాక్టరు గారు ఆమెను తెర దగ్గరికి పిలిచి, పొరలు ఒక్కొక్కటి పై నుంచి కిందికి జరుపుతూ చూపించారు. ఆమె తెర మీదికి వంగి, వేలితో కుడివైపంతా వెతికింది.

“తీసిన జాగ యాడుంది సారూ? నాకు గది చూపియ్యి.”

ఆయన పొరలు మళ్లీ మొదటి నుంచి జరిపారు. ఆమె మళ్లీ వెతికింది.

“ఖాళీ లేదమ్మా” అన్నారు ఆయన.

ఆమె వేలు తెర మీద అలాగే ఉంచి చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి అన్నతో, “మగ్గం ఎక్కు” అంది.

ఆ మూడు స్కాన్లనూ పేరు చూపించకుండా నా ముందు పెడితే ముగ్గురు వేర్వేరు మనుషులవని చెప్పి ఉండేదాన్ని. మొదటి అంకె తప్పు కాదు, రెండోదీ, మూడోదీ తప్పు కాదు. ప్రతి అంకె కూడా తన రోజుకు మాత్రమే నిజం. ఉద్యోగంలో మిగిలిన కాలమంతా జూనియర్లకు నేను ఒక పద్ధతి నేర్పాను. లివర్‌లో కొవ్వు ఎంత ఉందో డాక్టరు గారు చెప్పాక పేషెంటు మళ్లీ మన దగ్గరికొచ్చి అడుగుతాడు. అప్పుడు ఇంత ఉంది అని ఊరుకోవద్దు, ఇవాళ్టికి ఇంత ఉంది అని చెప్పండి అనేదాన్ని.